ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్

పత్రికల పట్ల మా తరానికి గల విశ్వాసం సన్నగిల్లుతున్నదని ఒప్పుకొనక తప్పదు. భద్రాచలం అడవుల్లో పోడు భూములకై ఏళ్ల తరబడి సాగుతున్న తగాదాకు జిల్లా పుటలో రెండంగుళాల చోటు దొరకడం కష్టం. నాయకుల జన్మదిన శుభాకాంక్షలు మాత్రం రంగులతో పుట నిండా వెలుస్తాయి. 2023లో ప్రపంచ పత్రికా స్వేచ్ఛా సూచికలో 180 దేశాలకు గాను మన దేశానిది 161వ స్థానం. ఈ నిరుత్సాహంలోనే మేము, మన పొరుగున పుట్టి ఉర్దూ పత్రికా రచనలో ప్రాణమర్పించిన షోయబుల్లాఖాన్ జీవితాన్ని స్మరింపబూనాము.

ఆయన 1920 అక్టోబరు 17న మహబూబాబాదు తాలూకా సుబ్రవేడులో జన్మించారు. నాడు ఖమ్మం, మహబూబాబాదు రెండూ వరంగల్లు జిల్లాలోనివే. ఖమ్మం వేరు జిల్లా అయినది 1953లో. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసు ఉద్యోగి. పసివాని ముఖంలో గాంధీజీ పోలికలు కనిపించి తండ్రి ముద్దుగా ఆ పేరుతోనే పిలిచేవారని చెప్పుకుంటారు. ఉర్దూ మాధ్యమంగా బోధన సాగిన ఉస్మానియాలో షోయబ్ పట్టభద్రులయ్యారు. ఆ పట్టా చేతనున్న యువకునికి నిజాం సర్కారులో నౌకరీ దుర్లభం కాదు. ఆయన కలం పట్టారు.

మొదట ఒక వారపత్రికలో వ్రాశారు. ప్రభుత్వం దానిని నిషేధించింది. పిమ్మట మందుముల నరసింగరావుగారి ‘రయ్యత్’లో చేరారు. దానికీ అదే గతి పట్టింది. రెండు పత్రికలు కళ్లెదుటే మూతపడిన మనిషి మూడవదానికి పూనుకోవడం సామాన్య విషయం కాదు. బూర్గుల రామకృష్ణారావుగారి అండతో, కాచిగూడలో వారి ఇంటనే కార్యాలయంగా, 1947 నవంబరు 15న ‘ఇమ్రోజ్’ దినపత్రిక వెలువడింది. ఇమ్రోజ్ అనగా నేడు.

ఆ నేడు ఎటువంటిదో మన ప్రాంతీయులకు వేరుగా చెప్పనక్కరలేదు. గోదావరికి ఆవలి ఒడ్డున భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో ఉన్నందున 1947 ఆగస్టు 15న అక్కడికి స్వాతంత్ర్యం వచ్చింది. ఈవలి ఒడ్డున, నిజాం ఏలుబడిలోని బూర్గంపాడుకు రాలేదు. నడుమ నున్నది ఒక్క ఏరు. హైదరాబాదు సంస్థానం భారత యూనియనులో చేరవలెననీ, రజాకార్ల దౌర్జన్యాలు ఆగవలెననీ షోయబ్ సంపాదకీయాలు వ్రాశారు. ఇదే మాట తెలుగు పత్రిక వ్రాస్తే పరాయివారి మాటగా కొట్టివేయవచ్చును. ఆయన వ్రాసినది ఉర్దూలో, దర్బారు భాషలో, తన ఇరుగు పొరుగూ బంధువులూ చదివే లిపిలో. పాలకులకు మింగుడుపడనిది ఇదేనని మా అభిప్రాయం. 1948 ఆగస్టులో యూనియనులో చేరికను కోరుతూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను ఇమ్రోజ్ ప్రచురించింది. బెదిరింపులు అంతకు ముందే వచ్చాయి. ఆయన కార్యాలయానికి వెళ్లడం మానలేదు.

తమకు ఎదురుతిరిగే చేతులను నరకవలెనని రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ సభలో ప్రసంగించిన కొద్ది రోజులకే ఆ పని జరిగిపోయింది. ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకొని, బావమరిది ఇస్మాయిల్‌ఖాన్‌తో కాలినడకన ఇంటికి వస్తుండగా దుండగులు తుపాకులు పేల్చారు. పడిపోయిన షోయబ్ చేతిని కత్తితో నరికారు. అడ్డువచ్చిన ఇస్మాయిల్ చేతిపైనా వేటు పడింది. తెల్లవారకమునుపే షోయబ్ కన్నుమూశారు. వయస్సు ఇరువది యేడు నిండి ఇరువది యెనిమిది నిండలేదు. తల్లిదండ్రులు, భార్య, పసికూన మిగిలారు. మరి ఇరువదియారు రోజులకు, సెప్టెంబరు 17న, నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు.

పై జీవితాన్ని చదివిన పిదప మాకొక సంగతి గుర్తుకు వచ్చి తలవంపు కలిగింది. గత సంవత్సరం మా గోడపత్రికకు ఒక విద్యార్థిని వసతిగృహపు మంచినీటి ఇబ్బందిపై వ్యాసం వ్రాసి ఇచ్చినది. దానిని ప్రచురించవద్దని ఎవరూ అనలేదు. ఎవరికైనా కోపం రావచ్చునని మేమే పక్కన పెట్టాము. పెద్ద పత్రికలను తూలనాడే మేము! ఆ రెండు కాగితాలు ఇప్పటికీ మా సొరుగులో ఉన్నవి. వానిని ఈ సంచిక తెలుగు భాగంలో ఉన్నదున్నట్లు అచ్చువేయుటకు కమిటీ పెద్దల అనుమతి కోరుతున్నాము. ఉర్దూ భాగానికి అనువాదం కూడ సిద్ధంగా ఉన్నది.