హృదయ కవాటాన్ని తాకిన వ్రేలు: సర్ హెన్రీ సూటర్ జీవితం

మానవ శరీరంలోని అవయవాలలో హృదయానికి కవులు ఇచ్చిన స్థానం మరే అవయవానికీ ఇవ్వలేదు. ప్రేమకు, కరుణకు, ధైర్యానికి అదే నిలయమన్నారు. వైద్యులు మాత్రం ఆ హృదయాన్ని శతాబ్దాల తరబడి భయభక్తులతో దూరం నుండే పరిశీలించారు. పదమూడవ శతాబ్దంలో కైరో నగరంలో నివసించిన ఇబ్న్ అల్ నఫీస్ అనే మహావైద్యుడు, గుండె కుడిభాగంలోని రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమభాగానికి చేరుతుందని గ్రహించి గ్రంథస్థం చేశాడు. 1628లో ఆంగ్ల వైద్యుడు విలియం హార్వే రక్తప్రసరణ విధానాన్ని సమగ్రంగా నిరూపించాడు. అయినప్పటికీ కొట్టుకుంటున్న గుండెలోని కవాటాన్ని చక్కదిద్దే సాహసం జరగడానికి ఆపైన దాదాపు మూడువందల సంవత్సరాలు పట్టింది. అట్టి సాహసులలో అగ్రగణ్యులు సర్ హెన్రీ సూటర్. వారి జీవితం విద్యార్థులు తెలుసుకోదగినది.

హెన్రీ సెషన్స్ సూటర్ 1875 డిసెంబరు 14వ తేదీన ఇంగ్లండులోని సౌత్‌పోర్టులో జన్మించారు. తండ్రి రాబిన్సన్ సూటర్ బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు. సూటర్ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి చెందిన క్వీన్స్ కళాశాలలో మొదట అభ్యసించినది వైద్యం కాదు, గణితశాస్త్రం. యంత్రనిర్మాణంపై కూడ వారికి మక్కువ మెండు. తరువాత లండన్ హాస్పిటల్‌లో వైద్యవిద్య పూర్తిచేసి శస్త్రవైద్యులైనారు. గణితం నేర్పిన తర్కము, యంత్రాలు నేర్పిన హస్తకౌశలము వారిని జీవితాంతం విడువలేదు. తమకు కావలసిన పరికరాలను స్వయంగా తయారుచేసుకొనేవారు. అన్ననాళంలో పుట్టిన పుండు వలన ఆహారం మింగలేని రోగులకొరకు సన్నని లోహపు తీగను చుట్టి వారు రూపొందించిన గొట్టం వైద్యలోకంలో వారి పేరుతోనే ప్రసిద్ధి పొందింది.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభం కాగానే సూటర్ బెల్జియం వెళ్ళి యుద్ధరంగ వైద్యశాలలో శస్త్రవైద్యులుగా పనిచేశారు. ఆంట్‌వెర్ప్ నగరంపై ఫిరంగి గుండ్లు కురుస్తున్న దినాలలో క్షతగాత్రులను తరలించవలసి వచ్చింది. ఆ అనుభవాలను 1915లో ఒక గ్రంథంగా ప్రకటించారు. క్షణకాలంలో నిర్ణయం తీసుకొనే నిబ్బరాన్ని ఆ యుద్ధభూమి వారిలో మరింత పెంచి ఉండవచ్చును.

వారికి కీర్తి తెచ్చిన ఘట్టాన్ని గ్రహించాలంటే వ్యాధి స్వరూపం కొంత తెలియాలి. గుండెలో నాలుగు గదులు, నాలుగు కవాటాలు ఉన్నాయి. కవాటమంటే తలుపు. రక్తాన్ని ముందుకు పోనిచ్చి వెనుకకు రాకుండ ఆపడం దాని ధర్మం. బాల్యంలో ఒక జాతి సూక్ష్మజీవుల వలన వచ్చే గొంతునొప్పిని నిర్లక్ష్యం చేస్తే, కొందరిలో కొన్ని వారాలకు కీళ్ళనొప్పులతో కూడిన రుమాటిక్ జ్వరం వస్తుంది. కీళ్ళవాపు తగ్గిపోతుంది గాని, గుండె కవాటం దెబ్బతినవచ్చు. ఎడమప్రక్కనున్న మైట్రల్ కవాటపు రేకులు క్రమంగా మందమై, ఒకదానికొకటి అతుక్కొని, ద్వారం ఇరుకైపోతుంది. రక్తం ఊపిరితిత్తులలో నిలిచి, రోగి నాలుగడుగులు వేసేసరికి ఆయాసపడతాడు.

ఈ ఇరుకు ద్వారాన్ని శస్త్రచికిత్సతో వెడల్పు చేయవచ్చునని 1902లో లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు సూచించగా సహవైద్యులు ఆక్షేపించారు. లోపం కవాటంలో కాదు, గుండె కండరంలోనే ఉన్నదని నాటి హృద్రోగ నిపుణులలో ప్రముఖుడైన జేమ్స్ మెకంజీ అభిప్రాయం. 1923లో, అనగా మన విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి వెలసిన సంవత్సరంలోనే, అమెరికాలోని బోస్టన్‌లో ఎలియట్ కట్లర్ ఒక బాలిక కవాటాన్ని చిన్నకత్తితో కోశాడు. ఆమె నాలుగేళ్ళకు పైగా జీవించింది. కాని అతని తదుపరి రోగులు దాదాపు అందరూ మరణించారు.

1925 మే 6వ తేదీన లండన్ హాస్పిటల్‌లో సూటర్ ముందుకు వచ్చిన రోగిణి ఇరవై ఏళ్ళు నిండని బాలిక. వారు ఎడమరొమ్మును తెరచి, గుండె ఎడమ పైగదికి చెవివలె అంటియుండే చిన్న సంచిని కోసి, అందులోనుండి చూపుడువ్రేలిని లోనికి పోనిచ్చారు. కన్నులు చూడలేనిదానిని వ్రేలికొన చూచింది. తాము అనుకొన్నదానికంటె రక్తం వెనుకకు చిమ్ముట ఎక్కువగా ఉన్నట్లు వారు గుర్తించారు. కవాటాన్ని కోస్తే ఆ చిమ్ముట ఇంకా పెరుగుతుంది. అందువలన కత్తిని ప్రక్కనబెట్టి, వ్రేలితోనే ద్వారాన్ని వెడల్పు చేసి ఊరుకొన్నారు. చేయగలిగినదంతా చేయడం కంటె, చేయవలసినంత మాత్రమే చేయడం గొప్ప వివేకం గదా!

బాలిక కోలుకొన్నది. అయినా సూటర్‌కు రెండవ రోగిని పంపిన వైద్యుడు లేడు. నాటి పద్ధతి ప్రకారం హృద్రోగులు ఔషధవైద్యుల అధీనంలో ఉండేవారు. వారు పంపితేనే శస్త్రవైద్యుని కడకు రోగి చేరాలి. విజయవంతమైన ఆ చికిత్స ఒక్కసారితోనే ఆగిపోయింది. ఆ బాలిక సుమారు అయిదేళ్ళు జీవించి, రక్తపు గడ్డ మెదడుకు చేరిన కారణంగా కన్నుమూసింది.

సూటర్ ఎవరినీ నిందిస్తూ కూర్చొనలేదు. శస్త్రవైద్యంలో ఇతర శాఖలలో కృషి కొనసాగించారు. 1945లో బ్రిటిష్ వైద్య సంఘానికి అధ్యక్షులైనారు. 1948 జూన్‌లో ఫిలడెల్ఫియాలో చార్లెస్ బెయిలీ, అంతకు ముందు నలుగురు రోగులను కోల్పోయిన పిదప, అదే కవాట చికిత్సను జయప్రదంగా నిర్వహించాడు. కొద్దిరోజులకే బోస్టన్‌లో డ్వైట్ హార్కెన్, సెప్టెంబరులో లండన్‌లో రసెల్ బ్రాక్ సఫలులైనారు. ఇరువది మూడేళ్ళ తరువాత లోకం సూటర్ త్రోవకే వచ్చింది. 1949లో వారికి సర్ బిరుదం లభించింది. వార్ధక్యంలో హార్కెన్‌కు వ్రాసిన ఒక లేఖలో, రోగిణి కోలుకొన్నా వైద్యులు మరొకరిని పంపడానికి సమ్మతించలేదని వారు వివరించారు. 1964 నవంబరు 12వ తేదీన, ఎనభై ఎనిమిదవ ఏట పరమపదించారు.

వారు జీవించి ఉండగానే హృదయ శస్త్రచికిత్స రూపం మారిపోయింది. 1953లో జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని కొంతసేపు యంత్రానికి అప్పగించి గుండెను తెరిచాడు. ఆ దినం కూడ మే 6వ తేదీయే. 1960లో కృత్రిమ కవాటాలు వచ్చాయి. మన దేశంలో 1961 నాటికి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో యంత్రసహాయంతో గుండెను తెరచి చికిత్స చేశారు. తరువాత ఫ్రాన్సులో అలెన్ కార్పెంటియర్ కవాటాన్ని తీసివేయకుండ సరిచేసే పద్ధతులను శాస్త్రీయంగా నెలకొల్పాడు. 1982లో జపాను వైద్యుడు కాంజీ ఇనౌయే తొడలోని సిర గుండా చిన్న బుడగను పంపి ఇరుకు కవాటాన్ని విప్పాడు. నాడు సూటర్ వ్రేలు చేసిన పనినే నేడు ఆ బుడగ చేస్తున్నది.

ఇక్కడ మనం ఆలోచించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆ బాలికకు శస్త్రచికిత్స లభించింది గాని, తదుపరి రక్షణ లభించలేదు. రుమాటిక్ జ్వరం తిరిగి రాకుండ ఆపే పెన్సిలిన్ గాని, రక్తం గడ్డకట్టకుండ చూచే వార్ఫరిన్ వంటి మందు గాని ఆనాడు వైద్యుల చేతిలో లేవు. నేడు రెండూ ఉన్నాయి. అయితే కవాటం బాగుపడినంత మాత్రాన వ్యాధి చరిత్ర ముగియదు. మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూదిమందు వైద్యుడు చెప్పినన్నేళ్ళు వేయించుకోవాలి. లోహపు కవాటం అమర్చినవారు రక్తపరీక్షలు చేయించుకొంటూ జీవితాంతం మందు వాడాలి. పన్ను పీకించుకొనే ముందు, గర్భం ధరించదలచినప్పుడు, జ్వరం విడువనప్పుడు వైద్యునికి తమ గుండె సంగతి చెప్పాలి. ఇట్లా జాగ్రత్త పడినవారిలో అనేకులు చదువుకొని, ఉద్యోగాలు చేసి, సంసారాలు నడుపుతున్నారు.

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న ప్రారంభమైనప్పుడు మొదట ఎంపికైన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళం ఒకటి. శ్రీకాకుళంలో 2008లో, విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడ్డాయి. నాడు వైద్యుడుండీ రోగి రాలేదు. నేడు వైద్యం దగ్గరకు వచ్చినా, పెండ్లి సంబంధం తప్పిపోతుందని ఆడపిల్ల గుండెజబ్బును దాచే తల్లిదండ్రులు, ఆయాసం తగ్గిందని సూదిమందు మానివేసే రోగులు ఉన్నారు. ఆ దాపరికం, ఆ అశ్రద్ధ కొనసాగినంతకాలం ఎంత నేర్పరి చేసిన చికిత్సయైనా సగమే ఫలిస్తుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ తమ్మునికో చెల్లెలికో గొంతునొప్పి, జ్వరం వచ్చి, కొన్నాళ్ళకు కీళ్ళు వాచినచో తాత్సారం చేయక వైద్యునికి చూపించండి. మీ వీధిలో గుండెకు చికిత్స చేయించుకొన్నవారు ఉంటే సూదిమందు తేదీని గుర్తుచేయండి. సూటర్ మహాశయుని వంటి వారి శ్రమ సార్థకం కావడానికి మనవంటి సామాన్యులు చేయగలిగిన సేవ ఇదే.