విత్తు – నేల: ప్రొఫెసర్ హాల్డేన్ జీవితం

తండ్రి చదువుకోలేదు, తాత చదువుకోలేదు, ఇక వీడికి చదువు ఎక్కణ్ణుంచి వస్తుంది అనే మాట మన మొహల్లాలలో వినని వారుండరు. ఫలానా ఖాందాన్ వాళ్లు కోపిష్టులు, ఫలానా వాళ్లు చేతికి ఎముక లేనివాళ్లు, అది వాళ్ల రక్తంలోనే ఉంది అని కూడా అంటుంటాం. మరో పక్క, పిల్లలందరూ తెల్లకాగితాలే, మనం ఏది రాస్తే అదే అవుతారు అనే పెద్దలూ ఉన్నారు. ఈ రెండు మాటలలో ఏది నిజం? చాలా ఏళ్లుగా ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెబుతున్న మాకు ఈ ప్రశ్న ప్రతి జూన్ నెలలోనూ ఎదురవుతుంది. మన సంఘం వారు వజీఫా దరఖాస్తులు పరిశీలించే రోజున ఇంకా గట్టిగా ఎదురవుతుంది. అందుచేత, ఈ ప్రశ్నతో జీవితమంతా కుస్తీ పట్టిన ఒక శాస్త్రవేత్త కథను ఈ ఏటి సంచికలో పాఠక మహాశయుల ముందు ఉంచుతున్నాము. ఆయనే జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. ఆయన పుట్టింది ఇంగ్లండులో, కన్నుమూసింది మన దేశంలో. ఆయన దేహం చివరకు చేరింది మన కాకినాడకు.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ మనిషి ఊపిరి గురించి, బొగ్గు గనులలోని విషవాయువుల గురించి పరిశోధనలు చేసిన ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు. ఇంట్లోనే ప్రయోగశాల ఉండేది. కొడుకును చిన్నతనం నుంచే గనుల్లోకి వెంట తీసుకుపోయేవారు. ఒకసారి గనిలో మండే వాయువు చేరిన చోట కొడుకును నిలబెట్టి, షేక్స్‌పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని అప్పజెప్పమన్నారు. కొన్ని పంక్తులు చెప్పేసరికి కుర్రవాడికి కాళ్లు తేలిపోయి కూలబడ్డాడు. కింద పడగానే మళ్లీ ఊపిరి ఆడింది. ఆ వాయువు గాలికంటే తేలిక, పైకప్పు దగ్గరే నిలుస్తుంది అనే పాఠాన్ని ఆ పిల్లవాడు ఇక మరచిపోతాడా?

ఎనిమిదేళ్లు దాటాక తండ్రి ఆయనను ఒక ఉపన్యాసానికి తీసుకుపోయారు. బఠానీ మొక్కల మీద మెండెల్ కనిపెట్టిన వంశపారంపర్య సూత్రాలు అప్పుడే మళ్లీ వెలుగులోకి వచ్చాయి. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు కలగాపులగంగా కాక, ఒక లెక్క ప్రకారం అందుతాయని ఆనాటి విషయం. ఆ లక్షణాలను మోసే అంశాలనే తర్వాత జన్యువులు అన్నారు. కొన్నేళ్లకు హాల్డేన్, ఆయన చెల్లెలు నవోమీ కలిసి ఇంటి తోటలో వందలకొద్దీ గినీ పందులను పెంచి, ఏ రంగు జతకు ఏ రంగు పిల్లలు పుడతాయో లెక్కలు కట్టారు. ఆ చెల్లెలే తర్వాత నవోమీ మిచిసన్ అనే పేరుగల రచయిత్రి అయ్యారు. అన్నాచెల్లెళ్లు, స్ప్రంట్ అనే మిత్రుడు కలిసి ఎలుకల మీద రాసిన వ్యాసం 1915లో అచ్చయింది. అప్పటికి హాల్డేన్ యుద్ధరంగంలో ఉన్నారు. స్ప్రంట్ ఆ యుద్ధంలోనే ప్రాణాలు కోల్పోయాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచిద్దాం. హాల్డేన్ తెలివికి కారణం ఏమిటి? పండితుల ఖాందాన్‌లో పుట్టడమా, ఇంట్లో ప్రయోగశాల ఉండడమా? రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి గదా, ఎలా విడదీస్తాం? ఇంకో విశేషం చూడండి. ఈ మహాశాస్త్రజ్ఞుడికి సైన్సులో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన చదివింది గణితం, ఆ తర్వాత గ్రీకు, లాటిన్ గ్రంథాలు. సైన్సు అంతా తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్నదే.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులోనూ, నేటి ఇరాక్ ప్రాంతంలోనూ పోరాడి రెండుసార్లు గాయపడ్డారు. కోలుకోవడానికి మొదటిసారి హిందూస్థాన్ వచ్చారు. యుద్ధం ముగిశాక ఆక్స్‌ఫర్డ్, 1923 నుంచి కేంబ్రిడ్జ్, 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆయన ఉద్యోగస్థలాలు. డార్విన్ చెప్పిన పరిణామాన్ని మెండెల్ చెప్పిన జన్యువులతో గణితం ద్వారా ముడివేసిన ముగ్గురు ప్రముఖులలో ఆయన ఒకరు. తక్కిన ఇద్దరు ఫిషర్, రైట్.

ఆ గణితం ఎలాంటిదో ఒక ఉదాహరణతో చెబుతాము. తెల్లని రెక్కల మీద నల్లచుక్కలు ఉండే ఒక రాత్రి పురుగు ఇంగ్లండులో ఉంది. 1848లో మాంచెస్టర్ దగ్గర పూర్తిగా నల్లనిది ఒకటి దొరికింది. ఫ్యాక్టరీల పొగతో చెట్లు నల్లబడిన యాభై ఏళ్లలో అక్కడ దాదాపు అన్నీ నల్లవే అయ్యాయి. ఇంత వేగంగా మారాలంటే, తెల్లవి రెండు బతికి సంతానాన్నిచ్చేచోట నల్లవి మూడు బతికి ఉండాలని హాల్డేన్ 1924లో లెక్క తేల్చారు. నలుపు జన్యువు గొప్పదా? మసి పట్టిన చెట్టు మీద గొప్పది. శుభ్రమైన చెట్టు మీద అదే జన్యువు పక్షి నోటికి దారి. అంటే జన్యువుకు విలువ కట్టేది పరిసరమే అన్నమాట.

ఇది పురుగుల సంగతి. మనుషుల బుద్ధి, నడవడి దగ్గరకు వచ్చేసరికి ఆ రోజుల్లో వ్యవహారం భయంకరంగా ఉండేది. డార్విన్ బంధువైన గాల్టన్ అనే పండితుడు, మంచి వంశాలను పెంచాలి, చెడు వంశాలను తగ్గించాలి అనే వాదం లేవదీశాడు. అమెరికాలోని అనేక రాష్ట్రాలు మందబుద్ధులని ముద్రవేసిన వారికి బలవంతంగా సంతాన నిరోధక ఆపరేషన్లు చేయించాయి. 1933లో హిట్లర్ జర్మనీలో అదే చట్టం తెచ్చాడు. హాల్డేన్ సైతం తొలి రోజుల్లో ఈ వాదానికి పూర్తిగా దూరంగా లేరు. అయితే లెక్కలు చేసిన కొద్దీ ఆయన అభిప్రాయం మారింది. 1938లో వంశపారంపర్యం, రాజకీయాల గురించి ఒక పుస్తకం రాసి ఈ చట్టాలకు శాస్త్రంలో పునాది లేదని వాదించారు. పదివేల మందిలో ఒకరికి కనిపించే ఒక లోపం ఉందనుకోండి. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడే రకమైతే, పైకి ఆరోగ్యంగా ఉంటూ దాన్ని లోపల మోస్తున్నవారు సుమారు యాభై మందికి ఒకరు ఉంటారు. ఆ ఒక్కణ్ణి పట్టి శిక్షిస్తే తగ్గేదేముంది? రక్తశుద్ధి గురించి గొప్పలు చెప్పే వాడు కూడా ఆ యాభైలో ఒకడు కావచ్చు.

ఆయన రచనలలో మా ఉపాధ్యాయులకు అన్నిటికంటే పనికొచ్చేది 1946లో వచ్చిన ఒక వ్యాసం. స్వభావం, పెంపకం ఒకదానితో ఒకటి ఎలా కలిసి పనిచేస్తాయనేది దాని విషయం. ఆయన తీసుకున్న ఉదాహరణ ఆవులది. మంచి పచ్చికబయలులో జెర్సీ ఆవు, స్కాట్లండు కొండ జాతి ఆవు కంటే ఎక్కువ పాలిస్తుంది. రెండింటినీ చలిగాలులు వీచే స్కాట్లండు బీడులో వదిలితే జెర్సీ ఆవు పాల మాట అటుంచి, చచ్చిపోవచ్చు. మరి ఏది గొప్ప జాతి? మన రాయలసీమ ఎండలో జెర్సీ ఆవును తోలుకొచ్చి కట్టేసిన రైతుకు ఈ ప్రశ్న విడమర్చి చెప్పనక్కరలేదు. రెండు జాతులు, రెండు పరిసరాలు ఉంటేనే ఫలితాల వరుస ఆరు రకాలుగా ఉండవచ్చునని హాల్డేన్ లెక్కగట్టి చూపించారు. జాతులు, పరిసరాలు పెరిగిన కొద్దీ ఆ సంఖ్య కొండలా పెరుగుతుంది. కాబట్టి స్వభావం ఎంత, పెంపకం ఎంత అని తక్కెడలో విడివిడిగా తూచడం కుదరదు. ఏ స్వభావానికి ఏ పెంపకం అని అడగాలి.

ఇది ఉత్త సిద్ధాంతం కాదు. 1934లో ఫోలింగ్ అనే నార్వే వైద్యుడు, పుట్టుకతో వచ్చే ఒక లోపం వల్ల కొందరు పిల్లల బుద్ధి ఎదగకుండా పోతున్నదని కనుగొన్నాడు. అది అచ్చంగా జన్యువుల వల్ల వచ్చేదే. మాంసకృత్తులలోని ఒక పదార్థాన్ని ఆ పిల్లల శరీరం సరిగా అరిగించుకోలేదు. 1950లలో ఇంగ్లండు వైద్యులు ఆ పదార్థం బాగా తగ్గించిన ప్రత్యేక ఆహారం తయారుచేశారు. పుట్టిన కొద్ది రోజులలోనే అది మొదలుపెడితే ఆ పిల్లలు మామూలు పిల్లల్లాగే బడికి పోతారు. జన్యువు మారలేదు, పళ్లెం మారింది. రక్తంలో ఉన్నదానికి ఎవరేం చేస్తారు అనే వారికి ఇంతకంటే జవాబు ఏముంది?

హాల్డేన్ తప్పులు చేయనివారు కారు, అది దాచిపెట్టడం న్యాయం కాదు. ఆయన 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు. అదే కాలంలో సోవియట్ రష్యాలో లైసెంకో అనేవాడు జన్యువులే లేవు, శిక్షణతో విత్తనం గుణాన్నే మార్చేస్తాను అని ప్రచారం చేసి అధికారం సంపాదించాడు. హాల్డేన్‌ను 1928లో రష్యాకు ఆహ్వానించిన మహాశాస్త్రజ్ఞుడు వావిలోవ్ 1943లో జైలులో చనిపోయారు. అయినా హాల్డేన్ చాలాకాలం లైసెంకోను గట్టిగా ఖండించలేదు. పార్టీ మీది అభిమానం నోరు కట్టేసింది. 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యారు. అంతా రక్తమే అనే మాట హిట్లర్‌కు పనికొస్తే, అంతా శిక్షణే అనే మాట స్టాలిన్ కాలపు అధికారులకు పనికొచ్చింది. ఆ రెండు గోతుల అంచులనూ హాల్డేన్ తన కాళ్లతోనే తొక్కి చూశారు.

త్యాగబుద్ధి గురించి కూడా ఆయన ఆలోచించారు. నదిలో మునిగిపోతున్న పిల్లవాణ్ణి రక్షించడానికి ఒకడు ప్రాణానికి తెగించి దూకుతాడు. అలా దూకించే జన్యువు ఉందనుకుంటే అది తరతరాలకు ఎలా నిలుస్తుంది? మునిగేది సొంత బిడ్డో, తమ్ముడో అయితే అదే జన్యువు వాడిలో ఉండే అవకాశం సగం. పినతండ్రి కొడుకైతే ఎనిమిదో వంతు. కాబట్టి దగ్గరివాళ్లను రక్షించే గుణం నిలబడవచ్చునని 1955లో రాశారు. 1964లో హామిల్టన్ దీన్ని పూర్తి సిద్ధాంతంగా మలిచాడు. అయితే తాను రెండుసార్లు మనుషులను నీళ్లలోంచి లాగినప్పుడు ఈ లెక్కలు వేసుకోవడానికి తీరిక దొరకలేదని కూడా హాల్డేన్ చమత్కరించారు. పరిణామం మనలో ఒక మొగ్గు పెట్టి ఉండవచ్చు. కానీ పరాయి పిల్లవాడి కోసం దూకే మనిషి చుట్టరికం అడిగి దూకడు.

1957లో హాల్డేన్, భార్య హెలెన్ స్పర్వేతో కలిసి మన దేశానికి వచ్చేశారు. సూయజ్ మీద బ్రిటన్ చేసిన దాడికి నిరసనగా వస్తున్నానని బహిరంగంగా చెప్పారు. మహలనోబిస్ గారి ఆహ్వానం మీద కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కుర్తా పైజామా తొడిగారు, మాంసం మానేశారు, భారత పౌరసత్వం తీసుకున్నారు. ఖరీదైన యంత్రాలు లేవని ఏడ్చే బదులు కళ్లెదుట ఉన్నదాన్ని లెక్కపెట్టండి అని శిష్యులకు బోధించారు. అలా ఒకరు మట్టిగూళ్లు కట్టే కందిరీగలను, ఎండాకాలంలో గుడ్లు పొదిగే తీతువు పిట్టను గమనించారు. పిఠాపురంలో పుట్టిన మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు గారు, ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు లంటానా పూల మీద వాలుతుందో లెక్కగట్టారు. ఆ ద్రోణంరాజు గారూ, పి. మీరాఖాన్ గారూ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు, దగ్గరి వివాహాల మీద చేసిన పరిశోధన 1963లో హాల్డేన్ సంపాదకత్వంలోని పత్రికలోనే వెలువడింది. ఎవరిని పెళ్లాడాలనే ఆచారం మనుషుల నడవడి. ఆ నడవడే పిల్లలలో ఏ జన్యువులు జతపడాలో నిర్ణయిస్తుంది. చూశారా, పరిసరం జన్యువుల మీద కూడా చెయ్యి వేస్తుందన్నమాట.

తర్వాత హాల్డేన్ భువనేశ్వర్ చేరి అక్కడ ప్రయోగశాల నెలకొల్పారు. క్యాన్సర్ సోకితే దాని మీద నవ్వుతూ కవిత రాశారు. 1964 డిసెంబరు 1న కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. చిన్నతనంలో తండ్రి చేతిలో ప్రయోగవస్తువైన మనిషి చివరికి మన పిల్లల పాఠమయ్యాడు.

నేడు శాస్త్రం ఇంకా ముందుకు పోయింది. బుద్ధికి, నడవడికి ఒక్క జన్యువు కాదు, వేలాది జన్యువులు తలా ఒక చిటికెడు తోడవుతాయని తెలిసింది. కానీ 1946 నాటి ఆ ఆవుల లెక్క నేటికీ చెదరలేదు.

చివరగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పిల్లవాడు తరగతిలో ఎప్పుడూ కునుకుతూ ఉండేవాడు. వీడికి చదువు అబ్బదు, పనిలో పెట్టుకోండి అని వాడి తండ్రికి మేమే చెప్పాము. ఆయన మా మాట మీద గౌరవంతో అలాగే చేశాడు. రాత్రి పదకొండు దాకా ఆ పిల్లవాడు ఒక హోటల్లో కప్పులు కడిగేవాడని తర్వాత తెలిసింది. వాడు చదువుకుంటే ఏమయ్యేవాడో మాకు తెలియదు. తెలుసుకునే దారిని మేమే మూసేశాము. బీడులో కట్టేసి పాలివ్వలేదన్నాము.

కాబట్టి వజీఫా దరఖాస్తు చేతికి వచ్చినప్పుడు ఖాందాన్ వంక చూడకండి. ఆ పిల్లవాడికి రాత్రి దీపం ఉందా, కడుపునిండా తిండి ఉందా, నిద్ర ఉందా అని అడగండి. ముందు నేల ఇద్దాం. విత్తు సంగతి మొలిచాక చూసుకోవచ్చు.