రేలంగి వెంకట్రామయ్యగారు

మన పాఠశాల పత్రికలో ఏటేట దేశభక్తుల జీవితములును, దైవభక్తుల జీవితములును ప్రచురింపబడుచున్నవి. ఈ యేడు నేనొక హాస్యనటుని జీవితమును వ్రాయబూనితిని. ఇందుకు తల్లిదండ్రులలో కొందఱు ఆశ్చర్యపడవచ్చును. జారిపడుటయు, దెబ్బలు తినుటయు, బొబ్బలు పెట్టుటయు చూచి నవ్వుట బాలురకు తగదనియు, ఒరుల బాధ నవ్వులాట కాదనియు చెప్పు పెద్దలు మనలో కలరు. ఆ మాటలో నిజము లేకపోలేదు. నేనును తరగతిలో తోటివాడు పడినప్పుడు నవ్విన పిల్లలను మందలించినవాడనే. ఐనను రేలంగివారు తెరమీద పడినప్పుడు మాత్రము ఆ మందలించు నోటితోనే నవ్వితిని. ఈ రెండు నవ్వులకును భేదమేమో తెలిసికొనవలెనన్న కోరికయే ఈ వ్యాసమునకు మూలము.

వెంకట్రామయ్యగారు 1910వ సంవత్సరము ఆగస్టు నెలలో రావులపాలెమునకు చేరువనున్న రావులపాడు గ్రామమున జన్మించిరి. మూడేండ్ల ప్రాయముననే కన్నతల్లి గతించెను. పినతల్లి గౌరమ్మగారు పెంచి పెద్దవానిని చేసిరి. తండ్రి రామస్వామిగారు సంగీతమును, హరికథలను నేర్పుచుండెడివారు. హరికథకుడు ఒక్కడే నిలిచి, తృటిలో రాజగును, తృటిలో భటుడగును, మఱు నిమిషమున కన్నీరు కార్చు తల్లియగును. కనుబొమ యెగురవేసినంతనే సభ మారిపోవును. అట్టి విద్య ఇంటిలోనే మెలగుచుండగా బాలునకు పుస్తకముల కంటె వేషములమీద మక్కువ కలుగుట వింతకాదు. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు అను నాటకసమాజములో చేరి పెక్కు వేషములు వేసిరి. అందు స్త్రీ వేషములును కలవు. తరువాతి కాలమున సుప్రసిద్ధులైన ఎస్. వి. రంగారావుగారును, అంజలీదేవిగారును ఆ సమాజమున మెలగినవారే.

తెలుగున మొదటి టాకీ యగు భక్తప్రహ్లాద 1932లో వెలువడెను. మూడేండ్లకు, అనగా 1935లో, చిత్తజల్లు పుల్లయ్యగారు కలకత్తాలో శ్రీకృష్ణతులాభారము తీయుచు రేలంగివారికి చిన్న వేషములిచ్చిరి. అది ఆయన తొలి చిత్రము. అంతటితో అదృష్టము పండలేదు. పండ్రెండేండ్లు గడచెను! ఆ కాలమంతయు పుల్లయ్యగారి కొలువులోనే యుండి, నటులను వెదకి తెచ్చుట, నిర్మాణపు పనులు చూచుట, ఎవరును గుర్తింపని చిన్న వేషములు వేయుట, ఇదియే ఆయన బ్రతుకు. ఇరువదియైదేండ్ల యువకుడై కలకత్తా వెళ్లినవాడు ముప్పదియేడేండ్లు వచ్చువఱకు పేరులేనివాడుగనే యుండెను. ఇట్టి చోట పలువురు ఇంటిదారి పట్టుదురు. ఈయన పట్టలేదు.

ఆనాటి టాకీలు మిక్కిలి పొడవైనవి. పద్యము మీద పద్యము, పాట మీద పాట. బొమ్మకు నోరు వచ్చినదన్న సంబరములో ఎవరును ఊరకుండలేకపోయిరి. అట్టి దినములలోనే చిన్న హాస్యచిత్రములును తలయెత్తెను. పుల్లయ్యగారు మోహినీ భస్మాసుర తీసిన 1938లోనే కాసులపేరు అను చిన్న హాస్యచిత్రమును గూడ తీసిరి. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి నవలనుబట్టి బారిష్టరు పార్వతీశము 1940లో వచ్చెను. లంకా సత్యముగారు పార్వతీశముగా నటించిరి.

అమెరికాలో ఈ విద్య అప్పటికే పండియుండెను. సన్నని స్టాన్ లారెల్, లావుపాటి ఆలివర్ హార్డీ కలిసి నటించిన మ్యూజిక్ బాక్స్ అను చిత్రము 1932 నాటిది. నిడివి అరగంటయు లేదు. కథయా, ఏమియు లేదు! ఒక పియానో పెట్టెను నూటికి పైబడిన మెట్లెక్కించి ఎత్తుమీది యింటికి చేర్పవలెను. సగము దూరము పోవుసరికి అది చేజారి క్రిందికి దొర్లును. మరల మోయుదురు, మరల దొర్లును. ఆపసోపములు పడి పైకి చేర్చిన పిమ్మట, బండి వచ్చుటకు వేఱొక చక్కని బాట కలదని తపాలా బంట్రోతు తెలుపగా, ఆ యమాయకులు పెట్టెను మెట్లన్నియు దింపి, బండి కెక్కించి, ఆ బాటను మరల తెత్తురు. చిన్న హాస్యచిత్రములకై క్రొత్తగా నెలకొల్పిన ఆస్కార్ బహుమానము మొట్టమొదట దీనికే లభించెను. ఇందు మాట తక్కువ, చప్పుడు ఎక్కువ. మెట్లమీద ఎగిరిపడు పెట్టెలోని తీగల మ్రోతయే సంభాషణము. పెట్టె జారునని మనకు ముందే తెలియును, మోయువారికి తెలియదు. ఆ యెడములోనే నవ్వు పుట్టును. ఇంగ్లీషు అక్షరము రాని ముదుసలికైనను దీనిని విడమఱచి చెప్పనక్కరలేదు. రేలంగివారు వీరిని చూచి నేర్చుకొనిరని నేననుటలేదు. ఇంటనున్న హరికథయు, నాటకరంగమును ఆయనకు చాలిన గురువులు. దారులు వేఱైనను చేరిన చోటు ఒక్కటే.

1947లో పుల్లయ్యగారి గొల్లభామతో ఆయనకు గుర్తింపు కలిగెను. తరువాత వింధ్యరాణి, కీలుగుఱ్ఱము, గుణసుందరికథ వరుసగా వచ్చినవి. 1951లో పాతాళభైరవి వెలువడునప్పటికి, అందు రాజుగారి బావమఱదిగా ఆయన తెరమీదికి రాగానే జనము నవ్వుట కలవాటుపడెను.

ఆయన నటన కెల్ల మేలైన యుదాహరణము 1957 నాటి మాయాబజారులోని లక్ష్మణకుమారుడు. శశిరేఖ రూపమున ఘటోత్కచుడు పెండ్లిపీటలయొద్ద నిలిచి పెండ్లికొడుకు పాదమును త్రొక్కును. ఇతడు బాధతో కేక వేయును. సభవారు చూచునప్పటికి పెండ్లికూతురు తలవంచుకొని సిగ్గుపడుచుండును! దుర్యోధనుని కుమారుడనన్న డాబు ఒకవైపు, కాలి నొప్పి యొకవైపు, ఎవరికిని చెప్పుకొనలేని యవస్థ యింకొకవైపు. ఈ మూడును రేలంగివారి ముఖమున ఒక్కసారిగ కనబడును. మన వేంసూరు పిల్లలు సెలవుదినములలో ఈ ఘట్టమును ఆడుచుండగా చూచితిని. పెండ్లికూతురి వేషమునకు జగడము లేదు. లక్ష్మణకుమారుని వేషమునకే జగడము. ఇక్కడనే నా సందేహమునకు సమాధానము దొరకినట్లు తోచెను. మనము నవ్వునది ఆతని నొప్పిని చూచి కాదు, ఆ నొప్పిని డాబు క్రింద దాచబోయి దాచలేకపోవుటను చూచి. తరగతిలో పడిన బాలుని యెడ డాబేమున్నది?

ఆయన కేవలము పడుటయు లేచుటయు మాత్రమే యెఱిగినవారు కారు. 1954లో కె. వి. రెడ్డిగారు తీసిన పెద్దమనుషులు చిత్రమున తిక్కశంకరయ్యయై, ఊరివారు పిచ్చివాడని త్రోసివేసిన నోటితోనే ఊరిపెద్దల దుర్మార్గమును బయటపెట్టిరి. నాకు మాయాబజారు కంటె ఇదియే మిన్న. పిల్లలు దీనికి సమ్మతింపరు.

లావుపాటి రేలంగివారికి జోడుగా పుల్లవలె సన్నని రమణారెడ్డిగారు పెక్కు చిత్రములలో నటించిరి. మిస్సమ్మలో దేవయ్యగా ఒకరు, డేవిడ్‌గా ఒకరు. మాటాడకయే ఇరువురు ప్రక్కప్రక్క నిలిచినను నవ్వు వచ్చెడిది. లారెల్, హార్డీల యాకారభేదమే మన గోదావరి, నెల్లూరు మాటతీరులతో మనకు లభించెను.

రేలంగివారు తాడేపల్లిగూడెమున స్థిరపడి అచ్చట తమ పేర ఒక చిత్రమందిరమును కట్టించిరి. 1970లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నిచ్చెను. తుది దినములలో ఆరోగ్యము చెడెను. 1975 నవంబరు 27వ తేదీన తాడేపల్లిగూడెముననే కన్నుమూసిరి. రమణారెడ్డిగారు అంతకు ఒక యేడు ముందే, 1974 నవంబరులోనే, గతించియుండిరి.