ఆ కథలో సగమే చెప్పేదాన్ని

ముప్ఫై ఏళ్ళకు పైగా నేను పంతులమ్మగా పనిచేశాను. పొద్దున్నే ప్రార్థన అవగానే హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలవడంతో నా రోజు మొదలయ్యేది. రెండో గంట కొట్టాక వచ్చినవాళ్ళు గుమ్మం బయట నిలబడాల్సిందే. రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకోవాలి. యూనిఫారం శుభ్రంగా ఉండాలి. సెలవు కావాలంటే నాన్న సంతకంతో చీటీ తేవాలి. చెప్పాపెట్టకుండా వరసగా మానేస్తే పట్టీలో పేరు కొట్టేస్తాం. పదో తరగతి వాళ్ళకి 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. పిల్లలకి నేనంటే హడల్.

ఏటా బాలల దినోత్సవం నాడు వాళ్ళకి ఒక కథ చెప్పేదాన్ని. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడి ఖద్దరు ప్రదర్శన దగ్గర ఒక పద్నాలుగేళ్ళ అమ్మాయిని వాలంటీరుగా నిలబెట్టారు. టికెట్టు లేనివాళ్ళని లోపలికి పంపకూడదని ఆమెకి చెప్పారు. అంతలో జవహర్లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టికెట్టు లేదు. ఆ పిల్ల ఆపేసింది. వచ్చినాయన ఎవరో తెలియదా అని పెద్దవాళ్ళు కంగారుపడ్డారు. మీరు పెట్టిన నిబంధనే కదా అంది ఆమె. టికెట్టు కొన్నాకే లోపలికి పంపింది. నెహ్రూ కోప్పడకపోగా ఆమెని మెచ్చుకున్నారు. ఆ అమ్మాయే దుర్గాబాయి.

చూశారా, క్రమశిక్షణ అంటే ఇలా ఉండాలి అని ముగించేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. నాకూ తృప్తిగా ఉండేది. నేను చెబుతున్నది సగం కథే అని తెలుసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

1996లో నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. లెక్కల్లో చురుకు. దసరా సెలవుల తర్వాత ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. అడిగితే తల దించుకునేది. బయట నిలబెట్టాను. తర్వాత రావడమే మానేసింది. ఎర్ర సిరాతో వరసగా గైర్హాజరు వేసుకుంటూ పోయాను. చివరికి పేరు కొట్టేశాను. ఇంటికి కబురైనా పంపలేదు. వాళ్ళ ఇల్లు బడికి రెండు వీధుల అవతలే.

మళ్ళీ ఆమెని 2012లో రైతుబజార్లో చూశాను. టీచరుగారూ అంటూ తనే వచ్చి పలకరించింది, నా చేతిలో సంచీ అందుకుంది. ఆ రోజుల్లో అమ్మ పురిటిలో మంచం పట్టిందట. చంటిపిల్లనీ ఇద్దరు తమ్ముళ్ళనీ చూసుకోవడానికి ఇంకెవరూ లేక బడి మానేసిందట. మరుసటి ఏడు పెళ్ళి చేసేశారు. ఇప్పుడు అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోంది. పిల్లలకి పాటలూ కథలూ అన్నీ తనే చెబుతుంది. కానీ టీచరు పోస్టుకి పదో తరగతి పాసవ్వాలి కదండీ అని నవ్వింది. ఆ నవ్వుకి నా ప్రాణం చివుక్కుమంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పుడే దుర్గాబాయి జీవితాన్ని మొదట్నుంచి శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే సిగ్గేసింది. నేను క్రమశిక్షణకి ఉదాహరణగా చూపించిన ఆ అమ్మాయి, టికెట్టు అడిగిన నాటికి ఏ బడి పట్టీలోనూ లేదు. ఆవిడ కూడా బడి మానేసిన పిల్లే!

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళయింది. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్ళనని చెప్పేశారు. తండ్రీ, తమ్ముడూ ఆవిడ పక్షాన నిలిచారు. ఇంగ్లిషులోనే చదువు చెప్పడం నచ్చక పన్నెండేళ్ళ వయసులో బడి మానేశారు. హిందీ నేర్చుకుని తనే ఆడపిల్లలకి హిందీ బడి పెట్టారు. పాఠం చెప్పే ఆవిడ కూడా చిన్నపిల్లే అన్నమాట.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో దిగి జైలుకెళ్ళారు. వెల్లూరు జైల్లో ఉన్నారు, మధుర జైల్లో ఒంటరి కొట్లోనూ ఉంచారు. చదువు రాక, చట్టం తెలియక శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్ళని అక్కడ చూశారు. బయటికెళ్ళాక లా చదవాలని అప్పుడే గట్టిగా అనుకున్నారు. 1933లో విడుదలయ్యేసరికి ఆవిడకి ఇరవై నాలుగేళ్ళు. చేతిలో మెట్రిక్ కూడా లేదు. ఆ వయసులో రెండు జడలు వేసుకుని బడికెళ్ళి హాజరు పలకలేరు కదా!

బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రైవేటుగా చదివినవాళ్ళని కూడా మెట్రిక్ పరీక్ష రాయనిచ్చేవాళ్ళు. ఆ దారిలోనే వెళ్ళారు. ఇంగ్లిషు వద్దని బడి మానేసిన ఆవిడే పట్టుబట్టి ఇంగ్లిషు నేర్చుకున్నారు. మెట్రిక్, ఆపైన ఇంటర్ పూర్తిచేశారు. బి.ఏ. ఆనర్స్ కోసం ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తే, ఆడపిల్లలకి హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోవడం కుదరదన్నారు. ఆవిడ వెనక్కి తిరిగి రాలేదు. హాస్టలు లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఉంటే రమ్మని పత్రికలో ప్రకటన వేయించారు. వచ్చినవాళ్ళతో కలిసి తామే ఒక వసతి ఏర్పాటు చేసుకున్నారు. అలా సీటు సంపాదించి, తర్వాత మద్రాసులో లా చదివి న్యాయవాది అయ్యారు.

ఇదంతా తన ఒక్కరి కోసమే చేసుకుని ఉంటే గొప్ప పట్టుదల అని ఊరుకునేదాన్ని. కానీ తను గట్టెక్కిన దారినే ఆవిడ మిగతావాళ్ళకీ చూపించారు. మద్రాసు మైలాపూరులో చుట్టుపక్కల పిల్లల్ని చేరదీసి మొదలుపెట్టిన పనే 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. బడి వయసు దాటినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు, వితంతువులు అక్కడికి వచ్చేవారు. వాళ్ళకి పాఠాలు చెప్పి బనారస్ మెట్రిక్ పరీక్షకి తయారుచేసేవారు.

1946లో రాజ్యాంగ సభకి ఎన్నికయ్యారు. 1952లో ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953లో సి.డి. దేశ్‌ముఖ్‌ గారిని పెళ్ళాడారు. అదే ఏడు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలయ్యారు.

అక్కడే ఆవిడకి మా అమ్మాయి సమస్య ఎదురైంది. పల్లెల్లో బాలవాడీలు నడపడానికి, పురుళ్ళు పోయడానికి, చదువు చెప్పడానికి ఆడవాళ్ళు కావాలి. ఆ ఊళ్ళోనే తెలివైన ఆడవాళ్ళున్నారు, పని అవసరమూ ఉంది. కానీ ఉద్యోగానికి కావలసిన కనీస చదువు లేదు. అర్హత తగ్గించేద్దాం అనడం తేలిక. అర్హత లేదు పొమ్మనడం ఇంకా తేలిక. దుర్గాబాయి ఈ రెండూ చేయలేదు. బడి వయసు దాటిన స్త్రీలకి ఏళ్ళ తరబడి చదవాల్సిన పాఠాల్ని రెండేళ్ళలో చెప్పి పరీక్షకి పంపే సంక్షిప్త కోర్సులు 1958లో పెట్టించారు. అలా చదువుకున్నవాళ్ళు గ్రామసేవికలు, నర్సులు, టీచర్లు అయ్యారు.

ఆ ఏడే స్త్రీ విద్య మీద ప్రభుత్వం వేసిన జాతీయ సంఘానికి ఆవిడ్నే అధ్యక్షురాల్ని చేశారు. 1959లో నివేదిక ఇచ్చారు. ఆడపిల్లలు బడికి ఎందుకు రావట్లేదో అందులో తరచి చూశారు. పంతులమ్మ లేని బడికి తల్లిదండ్రులు ఆడపిల్లని పంపరు. కాబట్టి అలాంటి బళ్ళలో తల్లిలా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఒక స్త్రీని పెట్టమన్నారు. పల్లెలకి వచ్చే పంతులమ్మలకి ఇళ్ళు కట్టించమన్నారు. హాస్టళ్ళు కావాలన్నారు.

నేను ఇన్నేళ్ళూ ఎర్ర సిరాతో గైర్హాజరు వేసి పట్టీ మూసేశాను. ఆవిడ ఆ గైర్హాజరు దగ్గరే మొదలుపెట్టారు. ఈ పిల్ల ఎందుకు రాలేదు, రావాలంటే ఏం చేయాలి అని ఆలోచించారు. నిబంధనంటే ఆవిడకి లెక్కలేక కాదు. నెహ్రూగారి దగ్గరే టికెట్టు అడిగిన మనిషి! అందుకే పరీక్ష వద్దనలేదు, పరీక్ష దాకా వచ్చే దారి వేశారు. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు.

ఇంతకీ మా అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. మర్నాడే వాళ్ళింటికి వెళ్ళాను. పదహారేళ్ళ కిందట నడవాల్సిన ఆ రెండు వీధులూ అప్పుడు నడిచాను. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కట్టించాను. సాయంత్రాలు అంట్లు తోముకుని, పిల్లలకి అన్నాలు పెట్టి మా ఇంటికి వచ్చేది. ఒక్కోరోజు బాగా ఆలస్యమయ్యేది. గుమ్మం బయట నిలబెట్టలేదు లెండి! మొదటిసారి ఇంగ్లిషు పోయింది. రెండోసారి గట్టెక్కింది. కొన్నాళ్ళకి అంగన్‌వాడీ టీచరైంది కూడా. మొదటి జీతంతో నాకు చీర పట్టుకొస్తే తీసుకోవడానికి చెయ్యి రాలేదు. ఆ పదహారేళ్ళు నేను తిరిగి ఇవ్వలేను కదా.

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయడానికి లేదు. మంచిదే. కానీ మా అమ్మాయిలా ఆ వయసు దాటాకే చాలామంది ఆడపిల్లలు మానేస్తారు. పట్టీలో పేరున్నంత మాత్రాన పిల్ల బడిలో ఉన్నట్టూ కాదు.

టీచర్లుగా ఉన్న చెల్లెళ్ళకి ఒక్క మాట. టైముకి రమ్మనండి, చీటీ అడగండి, జడలు వేసుకోమనండి. ఏదీ మానొద్దు. కానీ వరసగా మూడు రోజులు గైర్హాజరు పడితే నాలుగో రోజు ఆ ఇంటికి ఒకసారి వెళ్ళిరండి. టీచర్లు కానివాళ్ళకీ ఇదే మాట. పక్కింటి అమ్మాయి బడి వేళకి చంటిపిల్లని ఎత్తుకుని వీధిలో కనిపిస్తే, ఏమ్మా బడికెళ్ళలేదా అని అడిగి ఊరుకోకండి. వాళ్ళమ్మతో మాట్లాడండి. నేనడగలేదు. అందుకే మీకు చెబుతున్నాను.