అప్పకవి – అక్షరసామ్యవిచారము

పదునేడవ శతాబ్దమున పల్నాటి కామేపల్లియందు నివసించిన కాకునూరి అప్పకవి, 1656 ప్రాంతమున ఆంధ్రశబ్దచింతామణికి పద్యవివరణముగా అప్పకవీయము రచించెను. మూలము నన్నయదేననియు, భీమకవి గోదావరిపాలు చేసిన దానిని సారంగధరుడు కంఠస్థము చేసి నిలిపెననియు ఆతని కథనము. ఈ కర్తృత్వమును పలువురు విమర్శకులు అంగీకరింపరు. అయినను యతిప్రాసలను ఆతడు వివరించిన తీరు కొట్టివేయరానిది.

ప్రాసలో హల్లు అదియే కావలెను, అచ్చు మారవచ్చును. యతిలో మైత్రి చాలును: అ, ఆ, ఐ, ఔలు ఒక జట్టు; క, ఖ, గ, ఘలు మరియొక జట్టు. కంప్యూటరు భాషలలోను ఈ చిక్కు కలదు. సంఖ్యాసామ్యమునకు, అక్షరసామ్యమునకు, నమూనాతో పొసగుటకు పెర్ల్ భాషలో సంకేతములు మూడు. పైథాన్‌లో మొదటి రెంటికిని ఒక్కటే. యంత్రముచే ఛందస్సును పరీక్షింపజేయువారు ప్రాసకు యతినియమమును పెట్టినచో, తప్పు పద్యము సైతము గట్టెక్కును.