శిరివెళ్ల మాస్టారికి ఎనభై ఏళ్ల పండగ

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సెక్కితే దారిలో శిరివెళ్ల వస్తుంది. మన జయప్రకాశ్ రెడ్డి పుట్టింది అక్కడే, 1946 మే 8న. 2020 సెప్టెంబరు 8న గుంటూరులో కన్నుమూశారు. అయినా 2026లో వచ్చిన ఆయన ఎనభయ్యో జయంతిని ఊరి పండగలా చేసుకోవాలి. అంత పేరు సంపాదించిపెట్టారు మనకు ఆ నటుడు.

తండ్రిది పోలీసు ఉద్యోగం కావడంతో చదువు నెల్లూరు, అనంతపురాల్లో సాగింది. గుంటూరులో లెక్కల మాస్టారయ్యారు. పగలు నల్లబల్ల, రాత్రి నాటకం. నల్గొండలో ఆయన ఆడిన ‘గప్‌చుప్’ చూసి దాసరి నారాయణరావు ముచ్చటపడి నిర్మాత రామానాయుడికి పరిచయం చేశారు. అలా వచ్చింది 1988లో ‘బ్రహ్మపుత్రుడు’. తర్వాత వేషాలు ఇల్లు గడిపేంతగా రాకపోతే ఏ భేషజమూ లేకుండా మళ్లీ పాఠాలు చెప్పుకున్నారు. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

1997లో ‘ప్రేమించుకుందాం రా’తో దశ తిరిగింది. 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’లో వీరరాఘవరెడ్డిగా గర్జించారు. ‘జయం మనదేరా’లో విలనీకి నంది అందుకున్నారు. అంతదాకా మన రాయలసీమ యాస తెరమీద నవ్వులాటకే పనికొచ్చేది. ఆయన నోట పడ్డాక అదే మాటకు హాలు నిశ్శబ్దమైపోయింది. ‘ఢీ’, ‘రెడీ’ల్లో అదే గొంతుతో కడుపుబ్బ నవ్వించారు.

అయితే ఆయన అసలు సత్తా తెలియాలంటే ‘అలెగ్జాండర్’ గురించి చెప్పుకోవాలి. అది రచయిత పూసల రాసిన ఏకపాత్ర నాటకం. రంగం మీద ఒక గది, ఒక ఫోను, ఒంటరి రిటైర్డ్ మేజరు. ఫోను మోగుతుంది, అవతలివాళ్ల కష్టం మనకు వినపడదు, ఆయన ముఖం మీదే కనపడుతుంది. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి మరో పాత్ర రాదు. గంటన్నర పైచిలుకు ఆ ఒక్క మనిషే. సినిమాల్లో ఎంత పేరొచ్చినా ఆ నాటకాన్ని వదల్లేదు. ఫ్యాక్షన్ సినిమాల్లో వందల సుమోలు లేపిన దుమ్ముకన్నా ఆ ఫోను మోతే గొప్పదని నా తీర్పు.

నంద్యాల, ఆళ్లగడ్డ కళాభిమానులకు ఒక మనవి. ఏటా మే 8న శిరివెళ్లలో ఒక నాటకం ఆడించండి. ‘అలెగ్జాండర్’ వేషం మన సీమ కుర్రవాడికే ఇవ్వండి.