డాక్టరు ఎడ్వర్డు లారీ

సికింద్రాబాదు దండునకు చేరువనే, హైదరాబాదు రెసిడెన్సీలో సర్జనుగా నుండిన లారీ 1846లో జన్మించెను. ఎడింబరోలో సైము అను శస్త్రవైద్యుని శిష్యుడు.

ఆ కాలమున క్లోరోఫారము మత్తులో అప్పుడప్పుడు రోగులు హఠాత్తుగా మరణించెడివారు. ముందాగునది గుండెయా, శ్వాసమా? వైద్యుడు నాడిని పట్టి చూడవలెనా, ఊపిరిని కనిపెట్టవలెనా? ఊపిరినే యని గురువు నేర్పెను. లారీ దానినే నమ్మెను.

1888లో నిజాము ప్రభుత్వముచే సంఘమును వేయించి, కుక్కలపై పరీక్షించి అదే తేల్చెను. లండనులోని లాన్సెట్ పత్రిక శంకింపగా, నిజాము మహబూబ్ అలీఖాన్ వేయి పౌనులిచ్చి లాడర్ బ్రంటనును రప్పించెను. 1889లో రక్తపీడనమును కాగితముపై గీతగా వ్రాయు యంత్రముతో వందలకొలది మూగజీవములను, పాపము, పరీక్షించిరి. గుండెయే యని వచ్చిన బ్రంటనుకూడ లారీ పక్షమునకు మొగ్గెను.

మోతాదు మించినచో శ్వాసమే ముందాగుననుట నిజమే. కాని 1911లో లండనున లెవీ, టామసు లూయిసులు ఇ.సి.జి. యంత్రముతో పిల్లులను పరీక్షింపగా వేరొక సంగతి బయటపడెను. మత్తు స్వల్పముగా నున్నప్పుడే గుండె లయ తప్పి, జఠరికలు వట్టిగా వణకి, ప్రాణము పోవుచుండెను. పీడనరేఖ పీడనము పడినదని చెప్పును. లయ యెట్లు చెడెనో చెప్పజాలదు. నేడు లయను దిద్దు మందుల ప్రభావమును కనిపెట్టుటకు సయితము ఇ.సి.జి. రేఖలోని యెడములను కొలుచుచున్నారు.

లారీ 1915లో మరణించెను.